ఓడ బొమ్మకే నా ఓటు

గ్రూపులో పిల్లలు పోల్ పెట్టారు, పాత జాంబీ సినిమాల్లో మీకు బాగా నచ్చింది ఏదని. కింద కుప్పలుగా కామెంట్లు. ఒకడు మేకప్ అంటాడు, ఒకడు కెమెరా అంటాడు. చచ్చినవాడు మెల్లగా నడవాలా పరిగెత్తాలా అని ఇద్దరు పొద్దున్నుంచీ ఒకరి ఇంట్లోవాళ్ళని ఒకరు తిట్టుకుంటున్నారు. బాబూ, ఇంట్లోవాళ్ళ జోలికి పోకండి.

నా ఓటు ఓడ బొమ్మకి. అసలు పేరు నాకు తెలియదు. క్యాసెట్ అట్ట మీద ఏ భాషో తెలియని అక్షరాలు ఉండేవి, మేము ఓడ బొమ్మ అనేవాళ్ళం. మీలో ఎవరూ చూసి ఉండరు. గొప్ప బొమ్మేం కాదు, అందులో రక్తం చూడగానే రంగునీళ్ళని తెలిసిపోతుంది. అయినా నా ఓటు దానికే. ఎందుకో ఒక్క ముక్కలో చెప్పడం నాకు చేతకాదు. చదువు తక్కువ, నోరు ఎక్కువ. కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపికుంటే చదవండి.

ఐసు ఫ్యాక్టరీ వెనక వీధిలో మా అక్క వీడియో హాలు నడిపేది. హాలంటే ఏముంది, రేకుల షెడ్డు, పెద్ద టీవీ, ఇనప మడత కుర్చీలు. క్యాసెట్లన్నీ పరాయి భాషవి. అందుకని టీవీ పక్కన స్టూలు వేసుకుని నేను మైకులో కథ చెప్పేవాణ్ణి. ఆ భాష నాకు మాత్రం వచ్చా? తెర మీద పెదాలు ఆడినంతసేపూ నేను ఏదో ఒకటి అనాలి, అంతే. హీరోయిన్ ఏడిస్తే అత్త తిట్టిందనేవాణ్ణి. విలన్ ఫోన్ ఎత్తితే కరెంటు బిల్లు గురించి మాట్లాడించేవాణ్ణి. జనం పడీపడీ నవ్వేవాళ్ళు. వీధిలో నా పేరే మైకు అయిపోయింది.

ఇంట్లో నలుగురం. అక్క, బావ, అన్నయ్య, నేను. అమ్మానాన్న పోయాక మా ఇద్దర్నీ పెంచింది అక్కే. అన్నయ్యని పెద్దోడా అని, నన్ను చిన్నోడా అని పిలిచేది. బావ, అన్నయ్య ఇద్దరూ ఐసు ఫ్యాక్టరీలోనే పని. బావ మిషను మనిషి, అంటే అమోనియా గ్యాసుని తిప్పే పెద్ద యంత్రాన్ని చూసుకునేవాడు. అన్నయ్య కొక్కెంతో ఐసు దిమ్మలు లాగేవాడు. ఇద్దరూ ఒకే సైకిలు మీద వెళ్ళి, ఒకే సైకిలు మీద వచ్చేవాళ్ళు. తొక్కేది అన్నయ్య, వెనక కూర్చుని పాటలు పాడేది బావ.

ఆ ఎండాకాలం మొదట్లోనే ఫ్యాక్టరీలో గొలుసు తెగింది. ఐసు గడ్డకట్టే డబ్బాలు పైకెత్తే గొలుసు అది. కింద నిలబడ్డ మనిషి తొడ మీద దిమ్మ పడింది. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ఆ మనిషిని బావ భుజం మీద వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు. ఈలోపు ఓనరు ఏం చేశాడో తెలుసా? గొలుసుకి తీగ చుట్టించి, రక్తం పడ్డ దిమ్మని నీళ్ళతో కడిగించి, పొడి చేసే మిషనులో వేయించాడు. ఆ పొడి బస్తాల్లో బయటికి వెళ్ళిపోయింది. మర్నాడు పనివాళ్ళందరూ గేటు బయట కూర్చున్నారు. కొత్త గొలుసు వచ్చేదాకా ఎవ్వరూ లోపలికి పోకూడదన్నాడు వాళ్ళ నాయకుడు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడేది కాబట్టి ఆయన్ని అందరూ ఈల అనే పిలిచేవాళ్ళు.

బావ ఒక్కడూ వినలేదు.

"బావా, రేపట్నుంచి లోపలికి వెళ్ళకు" అన్నాడు అన్నయ్య, కంచం ముందు కూర్చుని.

"మిషను ఎవడు చూస్తాడు? మీ ఈల చూస్తాడా?"

"ఆపేసి రా."

"ఆపడానికి అదేమన్నా టేబుల్ ఫ్యానా? పెళ్ళైన దగ్గర్నుంచీ మీ అక్క గొంతు కంటే దాని చప్పుడే ఎక్కువ విన్నాన్రా. అది ఆగితే నాకు నిద్ర పట్టదు."

"అయితే దాన్నే చేసుకోవాల్సింది" అంది అక్క.

"అడిగానే. అదే ఒప్పుకోలేదు."

నేనూ అక్కా నవ్వాం. అన్నయ్య నవ్వలేదు.

"వాడి కాలు చూశావు కదా బావా."

"చూశాను. మోసింది నేనే."

"మోసి, మళ్ళీ లోపలికే వెళ్ళావు."

బావ కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. మర్నాడు పొద్దున సైకిలు ముట్టుకోకుండా నడిచి వెళ్ళాడు.

ఓనరు వేరే ఊరి నుంచి లారీలో మనుషుల్ని దించాడు. వాళ్ళు లోపలే పని చేసి, లోపలే పడుకునేవాళ్ళు. మనవాళ్ళు పొద్దున గేటు దగ్గర నినాదాలు ఇచ్చి, ఎండ ముదిరితే మా హాల్లోకి వచ్చి పడేవాళ్ళు. సరిగ్గా ఆ నెలలోనే అక్కకి మూడు జాంబీ క్యాసెట్లు దొరికాయి. జాంబీ అనే మాట మాకు అప్పట్లో తెలియదు. చచ్చినోళ్ళ బొమ్మలు అనేవాళ్ళం.

ఒకటి సర్కస్ బొమ్మ. జోకరు చచ్చి లేచి, ఎర్ర ముక్కుతోనే జనాన్ని కొరుకుతుంటాడు. నిజం చెప్పాలంటే తీయడంలో అదే గొప్పది. రెండోది దీపం బొమ్మ, నలుపూ తెలుపూ. సముద్రం ఒడ్డున దీపస్తంభంలో ఒక ముసలాడు, చుట్టూ చచ్చినవాళ్ళు తిరుగుతుంటారు. ఎవ్వరూ మాట్లాడరు, నాకు మైకులో చెప్పడానికి ఏమీ ఉండేది కాదు, సగంమంది గురక పెట్టేవాళ్ళు. మూడోది ఓడ బొమ్మ. ఓడంతా చచ్చినవాళ్ళు, హీరో చేతిలో తెడ్డు. వాళ్ళని ఎక్కడ కొట్టినా చావరు, తల పగలాల్సిందే. తెర మీద చచ్చినవాడు కనబడగానే హాలంతా కాళ్ళు నేలకేసి కొడుతూ "తల! తల! తల!" అని అరిచేది. తెడ్డు పడగానే ఈలలు.

బొమ్మ అయ్యాక మూడింట్లో ఏది గొప్పదని వాదన మొదలయ్యేది. పని లేక, ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగక, గేటు దగ్గర ఓనరు మొహం చూడలేక ఉడికిపోతున్న మగాళ్ళు, దీనికోసం చొక్కాలు పట్టుకునేవాళ్ళు. జోకరుని తక్కువ చేసి మాట్లాడాడని ఒకడు ఇంకొకడి ముక్కు పగలగొట్టాడు. చివరికి ఈల లేచి, చేతులెత్తించి లెక్కపెట్టి, గెలిచిన బొమ్మే మర్నాడు వేయించేవాడు. దాదాపు రోజూ ఓడే గెలిచేది. అన్నయ్య రెండు చేతులూ ఎత్తేవాడు.

ఒకరోజు ఆ వాదనలో ఉండగా బావ వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. ఒంటి మీద మిషను నూనె వాసన. ఎవరూ చూడలేదు. "దీపం బొమ్మకి ఎవరు?" అన్నాడు ఈల. బావ చెయ్యెత్తాడు. మొత్తం హాల్లో అదొక్కటే చెయ్యి.

కుర్చీలన్నీ కిర్రుమంటూ వెనక్కి తిరిగాయి.

"చచ్చినోళ్ళకి ఓటు లేదు" అని ఎవడో అరిచాడు.

జనం విరగబడి నవ్వారు. అప్పటికే లారీలో వచ్చినవాళ్ళని వీధిలో చచ్చినోళ్ళు అనడం మొదలైంది. ఇంకొందరు కొత్తవాళ్ళతో లారీ గేటు దగ్గరికి రాగానే "చచ్చినోళ్ళొచ్చార్రోయ్, తల! తల!" అనేవాళ్ళు. మొదట్లో సరదాకే. తరవాత రాళ్ళు. ఆ తరవాత ఒకరోజు లారీ మీంచి ఒకణ్ణి కిందికి లాగి, ఐసు కొక్కెం వాడి చెంపలో దిగేశారు. చేపని పట్టినట్టు అటూ ఇటూ ఈడ్చారు. వాడి అరుపు మా హాలు రేకుల్లో గణగణమంది. ఆ సాయంత్రం అన్నయ్య చొక్కా నిండా రక్తంతో ఇంటికొచ్చాడు. అక్క ఆ చొక్కా నానబెట్టింది, ఎవరిదని అడగలేదు.

ఆ రోజు హాల్లో నవ్వులు ఆగాక బావ లేచి నిలబడ్డాడు. "ఆ ముసలాడు దీపం వదిలిపెట్టి పోడు. అందుకు నచ్చింది" అన్నాడు.

"ఓనరుగారి దీపం కదా మరి" అన్నాడు ఈల. దగ్గరికి వచ్చి బావ కాళ్ళ ముందు ఉమ్మాడు.

బావ ముందు వరస వైపు చూశాడు. అన్నయ్య అక్కడే కూర్చుని ఉన్నాడు. తల తిప్పలేదు. అక్క తలుపు దగ్గర నుంచి వచ్చి, గుడ్డ తెచ్చి, ఆ ఉమ్ము తుడిచి, ఆ గుడ్డ ఈల చేతిలో పెట్టింది. "ఇంటికి పట్టుకెళ్ళన్నా, మర్చిపోయావు" అంది. ఎవరూ నవ్వలేదు. ఆ రోజునుంచి బావ ఇంటికి రావడం మానేసి, లోపలే పడుకోవడం మొదలుపెట్టాడు.

గ్యాసు పేలిన రోజు మధ్యాహ్నం మేము ఓడ బొమ్మ ఆడిస్తున్నాం. హాలు కిటకిటలాడుతోంది. హీరో ఓడ అడుగు నుంచి పైకొచ్చాడు, చచ్చినవాళ్ళు చుట్టుముట్టారు, జనం "తల! తల!" అంటున్నారు. అప్పుడు ఫ్యాక్టరీ వైపు నుంచి ఢామ్మని ఒక చప్పుడు. రేకులు అదిరాయి. తరవాత తెలిసింది, లారీలో వచ్చిన కుర్రవాడొకడు గడ్డకట్టిన గొట్టం మీద మంచు పోవడం కోసం కొక్కెంతో కొట్టాడని. గొట్టం పగిలి గ్యాసు మొత్తం బయటికి తన్నుకొచ్చింది.

అందరూ ఒక్కసారి లేచారు. వెళ్తూ వెళ్తూ చేతికి అందింది పట్టుకున్నారు. కొందరు కర్రలు, కొందరు కొక్కేలు. అన్నయ్య తాను కూర్చున్న కుర్చీనే మడిచి పట్టుకున్నాడు. చీకట్లోంచి ఎండలోకి వచ్చేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. ముక్కులో సూదులు గుచ్చినట్టు వాసన. ఫ్యాక్టరీ గేటు బార్లా తెరిచి ఉంది. లోపలి నుంచి తెల్లటి పొగ నేలని పట్టుకుని పాకుతూ వస్తోంది.

ఆ పొగలోంచి వాళ్ళు వచ్చారు.

చేతులు ముందుకి చాచి, కళ్ళు మూసుకుని, తడబడుతూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ. ముక్కుల్లోంచి నోళ్ళలోంచి చొంగ కారుతోంది. గొంతులు కాలిపోయి మాట రావడం లేదు, మూలుగు ఒక్కటే. వాళ్ళ ఒళ్ళంతా మంచు పట్టి తెల్లగా ఉంది. ఒక్క క్షణం అందరం బిగుసుకుపోయాం. అప్పుడెవడో పకపకా నవ్వి "తల! తల!" అన్నాడు. ఇంకో నలుగురు నవ్వారు. ఒట్టి నవ్వే అది, ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ముందొచ్చినవాడు గాల్లో వెతుక్కుంటూ వచ్చి ఒకడి చొక్కా పట్టుకున్నాడు. పట్టుకుని వదలడం లేదు. పట్టుబడ్డవాడు కెవ్వున కేకపెట్టి, చేతిలో ఉన్న కర్రతో వాడి నెత్తిన కొట్టాడు. కొబ్బరికాయ పగిలిన చప్పుడు. అంతే. ఆ తరవాత నవ్వు లేదు. "తల! తల!" అని అరుస్తూ మొత్తం గుంపు మీద పడింది. కర్రలు పైకి లేవడం, దిగడం. కొక్కెం భుజంలో దిగి ఊడిరాక ఒకడు కాలితో తన్ని లాగుతున్నాడు. కిందపడ్డవాడి మీదికి ఎక్కి తొక్కుతున్నారు. పళ్ళు నేల మీద చిందాయి. కొట్టేవాళ్ళ కళ్ళలోంచి కూడా గ్యాసుకి నీళ్ళు ధారగా కారుతున్నాయి, ఏడుస్తూ కొడుతున్నట్టుంది.

అన్నయ్య నాకు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. నూనె మరకల చొక్కా వేసుకున్న మనిషి వాడి వైపు నడిచొచ్చాడు. అన్నయ్య "తల!" అని అరిచి కుర్చీ తిప్పి కొట్టాడు. ఆ మనిషి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అరిచిన గొంతు వైపు మొహం తిప్పాడు.

"పెద్దోడా" అన్నాడు. "నీళ్ళు."

అన్నయ్య మళ్ళీ కొట్టాడు.

మొదటి దెబ్బ ఆ మాట రాకముందు. రెండోది వచ్చాక. నేను చూశాను. చూశానని అన్నయ్యా చూశాడు.

బావని చంకల కింద పట్టుకుని హాలు దాకా ఈడ్చుకొచ్చాను. కింది దవడ పక్కకి వేలాడుతోంది. అక్క ఏమీ అడగలేదు. నీళ్ళ డ్రమ్ము పక్కన పడుకోబెట్టి, రెప్పలు వేళ్ళతో విప్పి, చెంబుతో పోస్తూనే ఉంది. డ్రమ్ము అడుగంటేదాకా పోసింది. లోపల టీవీలో ఓడ బొమ్మ దానంతటది ఆడుతూనే ఉంది.

లారీలో వచ్చినవాళ్ళలో ఇద్దరు పోయారు. ఒకణ్ణి గ్యాసు చంపింది, ఒకణ్ణి మేము. శవాల కోసం వాళ్ళ ఊరి నుంచి మనుషులొచ్చారు. ఒకావిడ గేటు ముందు నిలబడి, వచ్చేపోయే ప్రతి మగాణ్ణీ పట్టుకుని "నువ్వేనా?" అని అడిగింది. నన్నూ అడిగింది. కాదమ్మా అన్నాను. నిజమే చెప్పాను, అయినా ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయాను.

పోలీసులు వీధిని జల్లెడ పట్టారు. ఈల పారిపోయాడు. పట్టుకున్నవాళ్ళని పట్టుకున్నట్టే వదిలారు, ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పే మనిషి లేడు. లారీవాళ్ళలో బతికినవాళ్ళకి మేమెవరమో తెలియదు. మమ్మల్ని గొంతులతో సహా ఎరిగినవాడు లోపలి నుంచి వచ్చినవాళ్ళలో ఒక్కడే. మా బావ.

బావ కళ్ళు రెండూ పోయాయి. గుడ్లు పాలలా తెల్లబడ్డాయి. దవడ రెండు చోట్ల విరిగితే పళ్ళకి తీగలు వేసి మూసేశారు. గొంతు లోపల కాలింది, నేను చెప్పేదాకా ఒక్క మాట మాట్లాడినా గొంతు పోతుందన్నాడు డాక్టరు. బావకి సంతకం తప్ప రాయడం రాదు. ఇన్‌స్పెక్టరు మంచం పక్కన నిలబడి చూసి, "తీగలు తీశాక వస్తానమ్మా, ఒక్క పేరు చాలు నాకు. హత్య కేసు ఇది" అని అక్కతో చెప్పి వెళ్ళాడు.

ఆయన వెళ్ళగానే అక్క మా వైపు తిరిగింది. "ఆ చెయ్యి ఎవడిదో తెలియనీ, ఐసు కోసే రంపంతో కోస్తాను. ఒక్కసారిగా కాదు, ముక్కలు ముక్కలుగా" అంది. అన్నయ్య చేతిలో పాల గ్లాసుంది. ఒలికిపోలేదు.

అలా ఆ ఎండాకాలం మిగతాదంతా మేము ఒక దవడ తెరుచుకోవడం కోసం ఎదురుచూశాం.

బావ పనులన్నీ అన్నయ్యే చేసేవాడు. గొట్టంతో పాలు తాగించేవాడు, స్నానం చేయించేవాడు, తీగలు తగలకుండా గడ్డం గీసేవాడు. మొదటిసారి వాడి వేళ్ళు దవడకి తగిలినప్పుడు బావ ఒళ్ళంతా జలదరించింది. అన్నయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బావ గాల్లో తడిమి, ఆ చెయ్యి దొరకబుచ్చుకుని, మళ్ళీ గడ్డం మీద పెట్టుకున్నాడు. అక్క గుమ్మంలోంచి చూస్తూ ఉంది. ఆ రోజు వంటింట్లో నన్ను పట్టుకుని అడిగింది.

"ఒరేయ్ చిన్నోడా, ఆయనకి కళ్ళు లేవు కదా. పెద్దోడు ఆయన ముందు తల దించుకుని ఎవరికి చూపిస్తున్నాడ్రా?"

నేను గిన్నె తోముతూ ఉండిపోయాను.

"మైకు పట్టుకుంటే గంటలు గంటలు వాగుతావు" అంది అక్క.

అన్నయ్య కూడా ఒకసారి నన్ను హాలు వెనక్కి పిలిచాడు. "నువ్వు చూశావు కదా."

"చూశాను."

"రెండోది కూడా."

"ఎందుకు కొట్టావన్నయ్యా?"

చాలాసేపు రేకు మీద గోరుతో గీస్తూ ఉన్నాడు. "బావ అని తెలిసింది. తెలిసేసరికి కుర్చీ పైకి లేచి ఉంది. దించొచ్చు. చుట్టూ అందరూ ఉన్నార్రా. దించలేదు."

"పారిపో."

"ఆయనకి గడ్డం ఎవరు గీస్తారు?" అన్నాడు.

తీగలు తీసే రోజు రానే వచ్చింది. ఇన్‌స్పెక్టరు రేపొద్దున వస్తానని కబురు పెట్టాడు. ఆస్పత్రి నుంచి రిక్షాలో వస్తున్నాం. బావ దవడ మెల్లగా అటూ ఇటూ ఆడించి చూసుకున్నాడు.  గొంతు గీసుకుపోయి, ఎవరిదో గొంతులా వచ్చింది మాట.

"బొమ్మ చూద్దాం" అన్నాడు.

"ఏం చూస్తారు మీరు?" అంది అక్క. అని నాలుక కరుచుకుంది.

"చెప్పడానికి మైకుగాడున్నాడుగా."

హాలు గ్యాసు పేలిన రోజునుంచీ మూసే ఉంది. అక్క తాళం తీసి, దుమ్ము దులిపి, తలుపుకి అడ్డం పెట్టే ఇనప కడ్డీ చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. బావ ముందు వరసలో కూర్చున్నాడు. పక్కన అన్నయ్య.

"ఏది పెట్టను బావా? దీపం బొమ్మా?"

"ఆ రోజు మీరంతా ఏది సగంలో వదిలేసి బయటికొచ్చారో, అది."

ఓడ బొమ్మ పెట్టాను. స్టూలు జరుపుకుని మైకు పట్టుకున్నాను. మొదట్లో అలవాటు ప్రకారం ఏవో జోకులు వేశాను. హీరో మామగారి గురించి, ఓడలో వంటవాడి గురించి. నవ్వేవాళ్ళు లేరు. హీరో పైకొచ్చే చోటు వచ్చింది. చచ్చినవాళ్ళు మూలుగుతున్నారు. తెడ్డు దెబ్బలు టీవీలోంచి దబదబా వినబడుతున్నాయి. నేను మైకు దించేశాను.

"ఆపావేంట్రా?" అన్నాడు బావ. "చప్పుడు వినబడుతోంది. కొట్టింది ఎవడు?"

 టీవీలో ఇంకో దెబ్బ పడింది.

"ఎవడ్రా కొట్టింది?"

"నేనే బావా" అన్నాడు అన్నయ్య.

బావ మొహం టీవీ వైపు నుంచి తిప్పలేదు.

"అది నాకు తెలుసులేరా. బొమ్మలో ఎవడని అడుగుతున్నాను."

అక్క ఎప్పుడు నడిచొచ్చిందో నేను చూడలేదు. కడ్డీ గాలిని కోసిన చప్పుడు ఒక్కటే విన్నాను. అన్నయ్య తప్పించుకోలేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు. కుర్చీతో సహా పక్కకి పడ్డాడు. నెత్తి చీలి, రక్తం చెవి మీదుగా కారి సిమెంటు మీద మడుగు కట్టింది. అక్క కడ్డీని రెండు చేతులతో మళ్ళీ పైకెత్తింది. ఆమె గొంతులోంచి మనిషిది కాని చప్పుడు వస్తోంది.

"రెండోది వద్దే" అన్నాడు బావ, ముందుకే చూస్తూ.

కడ్డీ అలాగే పైన ఉంది. చాలాసేపు.  తరవాత దాన్ని కింద పారేసి, అన్నయ్య పక్కన కూలబడి, భుజం మీది తువ్వాలు తీసి వాడి నెత్తికి అదిమిపెట్టింది. అదుముతూ నోటికొచ్చిన తిట్టల్లా తిట్టింది. వాడు కళ్ళు మూసుకుని తిట్లన్నీ తిన్నాడు.

"నువ్వు చెప్పరా" అన్నాడు బావ నాతో.

చెప్పాను. మొదటిసారి నా సొంత కవిత్వం ఏమీ లేకుండా, తెర మీద ఉన్నది ఉన్నట్టు. ఆ బొమ్మ ఎన్నిసార్లు ఆడించానో, చివరిదాకా మాత్రం నేనూ ఎప్పుడూ చూడలేదు. ఆఖరి దెబ్బ పడగానే జనం లేచిపోయేవాళ్ళు, నేను మైకు ఆపేసి తలుపులు తీసేవాణ్ణి. దాని తరవాత ఇంకా ఉందని ఆ రోజే తెలిసింది.

"తెడ్డు కింద పెట్టాడు బావా. ఎవరూ లేరు, ఓడ మీద ఒక్కడే. బకెట్‌తో నీళ్ళు తోడాడు. చచ్చినవాళ్ళ దగ్గర కూర్చున్నాడు. మొహాలు కడుగుతున్నాడు."

"ఎవరివి?"

"వాడు కొట్టినవాళ్ళవే. ఒక్కొక్కరివే కడుగుతున్నాడు."

"అందరివీనా?"

"ఇంకా కడుగుతూనే ఉన్నాడు బావా."

పొద్దున ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు, తెల్ల గుడ్లతో. అన్నయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు, తలకి పెద్ద కట్టు.

"ఎవరు కొట్టారయ్యా నిన్ను?"

"జనం సార్."

"పేరు చెప్పు."

"పొగలో నాకేం కనబడుతుంది సార్? గొట్టం పగలగానే మిషను వదిలేసి అందరికంటే ముందు పరిగెత్తినవాణ్ణి."

అన్నయ్య గోడ దగ్గర నుంచి కదిలాడు. "సార్, నేను..."

"వాడి మాట పట్టించుకోకండి సార్" అన్నాడు బావ. "తలకి దెబ్బ తగిలింది, నిన్నట్నుంచి ఏదేదో మాట్లాడుతున్నాడు."

ఇన్‌స్పెక్టరు అన్నయ్య కట్టు వైపు చూశాడు, దాని మీద ఇంకా తడిగా ఉన్న ఎరుపు వైపు చూశాడు. "ఇది ఎవరు కొట్టారు?"

"నేను" అంది అక్క వంటింటి గుమ్మంలోంచి. "కావాలంటే రాసుకోండి."

"ఎందుకమ్మా?"

"నా తమ్ముడు. కొడతాను, కట్టు కడతాను. మీకెందుకు?"

ఆయన మా నలుగుర్నీ ఒక్కొక్కరినీ చూసుకుంటూ కాసేపు కూర్చున్నాడు. తరవాత టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అక్క మధ్యాహ్నం బావకి తన చేత్తో తినిపించింది. నాకు కంచంలో పెట్టింది. అన్నయ్యకి పెట్టలేదు. వాడే లేచి వెళ్ళి, కంచం తెచ్చుకుని, గిన్నెలోంచి పెట్టుకుని, బావ పక్కన నేల మీద కూర్చుని తిన్నాడు. ఆ తరవాత ఆ ఇంట్లో అన్నయ్య ప్రతి పూటా తిన్నాడు. అక్క ఒక్క పూట కూడా వాడికి వడ్డించలేదు.